నడిచే వార్తకు నిలిచిన ప్రశ్న: కంట్రోలు చార్టు నుండి స్ట్రీమింగ్ డేటాబేసు దాకా

మన టెంఘర్‌లో మరాఠీ సోదరులు గుమ్మం ముందు గుడి నిలిపే ఉదయాననే మనం వేపపువ్వు పచ్చడి తింటాం. సాయంత్రం నలుగురం ఒకచోట చేరి అయ్యగారి నోట ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వింటాం. పంచాంగం గొప్పతనం ఏమనగా, అది ఏడాది ముందే లెక్క కట్టి పెట్టినది. గ్రహణం ఫలానా నాడు ఫలానా వేళకు పట్టునని అందులో ఉంటే ఆ వేళకే పడుతుంది. సూర్యచంద్రులు ఆలస్యంగా రారు.

మా రైల్వే టైంటేబులు కూడా ఒక పంచాంగమే. కాని రైలు సూర్యుడు కాదు. దారిలో పట్టా విరుగుతుంది, ఇంజను మొరాయిస్తుంది, పశువు అడ్డం వస్తుంది, పొగమంచు కమ్ముతుంది. కనుక ముందే కట్టిన లెక్క ఒకటి, జరుగుతున్న సంగతి ఒకటి. ఈ రెండింటి మధ్యనున్న ఎడాన్ని ఎప్పటికప్పుడు తెలుసుకోవడానికి మనుషులు పడిన పాట్లకు నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో తాజా అధ్యాయం పేరు స్ట్రీమింగ్ ఎస్.క్యు.ఎల్. డేటాబేసు. పేరు చూసి పాఠకులు పుట తిప్పవద్దని మనవి. ఇది మగ్గానికీ రైలుకూ పుట్టిన బిడ్డ వంటిది. ఆ రెండూ మనకు కొత్తవి కావు.

పదవ తరగతితో రైల్వేలో చేరిన గుమాస్తాకు ఈ సంగతితో పని ఏమని అడుగవచ్చు. పని ఉన్నది. అది ఒక తప్పుతో మొదలయింది.

కొన్నేళ్ల క్రిందట ఒక స్టేషనులో నేను విచారణ కిటికీ దగ్గర కూర్చునేవాణ్ని. ఒక రాత్రి మన తెలుగు కుటుంబం ఒకటి వచ్చింది. భర్త సాంచాల మీద పనివాడు. భార్య చంకలో పిల్ల, చేతిలో సంచి. నిజామాబాదు దాటి ఊరు. ఆమె తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందని ఫోను వచ్చిందట. బండి ఎంత ఆలస్యమని అడిగినారు. నా ముందున్న కాగితం చూసి "నలభై నిమిషాలు" అన్నాను. పిల్లకు పాలు తెచ్చుకుందామని వారు బయటికి పోయినారు. ఆ కాగితం మీది సంగతి గంట నాటిది. ఈ లోపల బండి ఆలస్యాన్ని చాలావరకు పూడ్చుకొని, పదిహేను నిమిషాల ఆలస్యంతోనే వచ్చి వెళ్లిపోయింది. వారు తిరిగి వచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. మరునాటి బండికి పోయిన ఆ ఇల్లాలికి తండ్రి చివరి చూపు దక్కలేదని తరువాత తెలిసింది. ఆమె నన్ను నిందించలేదు. "మీరేం చేస్తరన్నా, కాగితంల అట్లనే ఉండె" అన్నది. ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉన్నది.

కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. వ్రాసిన వేళకు అది నిజమే. దాని మీద ఆ వేళ వేసి ఉంటే, ఆ వేళను నేను చూసి ఉంటే, చెప్పి ఉంటే, వారు ప్లాట్‌ఫారం విడిచేవారు కారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టే తిరుగుతుంది.

తంతి, లైన్ క్లియర్, చార్టు

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు 21 మైళ్ల దూరం మొదటి ప్రయాణికుల బండి నడిచింది. మరుసటి ఏడు 1854లో దారి కల్యాణ్ చేరింది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు లైను పడి మన ప్రాంతం కూడా ఈ పెద్ద వలలో కలిసింది. రైలు వచ్చిన రోజులలోనే తంతి కూడా వచ్చింది. కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య 1850-51లో ఓషాగ్నెసీ అనే డాక్టరు వేయించిన తీగ మన దేశంలో దానికి నాంది. రైలుకంటె ముందు పరుగెత్తగల వార్త లేనిదే రైలును క్షేమంగా నడపలేమని ఇంజనీర్లు త్వరలోనే గ్రహించినారు.

అప్పుడు ఏర్పడినదే బ్లాకు పద్ధతి. రెండు స్టేషన్ల మధ్య దారిలో ఒక వేళకు ఒకే బండి. ముందు స్టేషను మాస్టరు "లైన్ క్లియర్" ఇస్తే తప్ప వెనుక స్టేషను మాస్టరు బండిని వదలరాదు. ఫోనులో అడిగి చెప్పుకొనే చోట మా శాఖలో ప్రైవేటు నెంబరు అనే ఏర్పాటు ఉన్నది. మాట ఇచ్చినవాడు తన గుప్త పట్టికలోని ఒక అంకెను కూడా చెప్పాలి. విన్నవాడు దానిని రిజిస్టరులో వ్రాసుకోవాలి. ఒక సందేశానికి ఒకే అంకె. నిన్నటి సందేశాన్ని నేటిదిగా పొరబడకుండా, ఒక సందేశాన్ని రెండుగా లెక్కించకుండా, చెప్పని మాటను చెప్పినట్లు అనుకోకుండా ఇది కాపాడుతుంది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని పడుతుంది.

స్టేషను మాస్టరుకు తన ముందు వెనుకల సంగతే తెలుస్తుంది. సెక్షను మొత్తం మీద చూపు ఉండవలసినవాడు కంట్రోలరు. ఆయన బల్ల మీద ఒక పెద్ద కాగితం. అడ్డంగా గంటలూ నిమిషాలూ, నిలువున స్టేషన్లు. ప్రతి స్టేషను నుండి ఫోను వస్తుంది: ఫలానా బండి ఇన్ని గంటలకు వచ్చింది, ఇన్ని గంటలకు పోయింది. కంట్రోలరు ఆ చోట చుక్క పెట్టి, చుక్కకు చుక్క కలుపుతాడు. బండి ఒక ఏటవాలు గీత అవుతుంది. నిలువుకు దగ్గరగా ఉంటే వేగం, పడుకొని ఉంటే నింపాది, పూర్తిగా అడ్డమయితే నిలిచిపోయినట్లు. ఎదురెదురు బండ్ల గీతలు ఎక్కడ కలియబోతున్నవో చూసి, ఏది పక్క లైనులో ఆగాలో అరగంట ముందే నిర్ణయిస్తాడు. ఇట్టి గీతల పటాలు పారిస్-లియాన్ రైళ్ల కోసం ఫ్రాన్సులో పందొమ్మిదవ శతాబ్దంలోనే అచ్చయినవి.

ఈ బల్లను జాగ్రత్తగా చూడండి. కంట్రోలరును ఎవరూ ప్రశ్న అడగడం లేదు. "ఏ రెండు బండ్లు ఢీకొనే దారిలో ఉన్నవి?" అనే ప్రశ్న ఆయన కాగితం మీద రాత్రింబగళ్లు నిలిచి ఉన్నది. వార్తలు దాని గుండా నడుస్తున్నవి. కొత్త చుక్క పడినప్పుడల్లా జవాబు దానంతట అది మారుతుంది.

వార్త ఆలస్యమయితే ఏమవుతుంది? 1915 మే 22న స్కాట్లండులోని క్వింటిన్‌షిల్ అనే చోట జరిగింది చూడండి. రాత్రి డ్యూటీవాడు ఆరింటికి దిగాలి. పగటివాడు వాడుక ప్రకారం అరగంట ఆలస్యంగా వచ్చేవాడు. ఆ మధ్య జరిగిన బండ్ల రాకపోకలను రాత్రివాడు ఒక కాగితం మీద వ్రాసి పెడితే, పగటివాడు వచ్చి తన చేతివ్రాతతో రిజిస్టరులోకి ఎక్కించేవాడు. ఆనాడు పగటివాడు వచ్చిన లోకల్ బండినే మెయిన్ లైనులో నిలిపి ఉంచినారు. అతడు పాత పద్దులు ఎక్కిస్తూ, తాను దిగి వచ్చిన ఆ బండినే మరచి, సైనికుల బండికి దారి ఇచ్చినాడు. ఆ వెంటనే మూడవ బండి వచ్చి శిథిలాలను గుద్దింది. రెండు వందల పైచిలుకు మంది మరణించినారు. రిజిస్టరులో వేళలన్నీ సక్రమంగా ఉన్నట్లే కనబడేవి. జరిగిన వేళ వేరు, వ్రాసిన వేళ వేరు అన్న సంగతిని మాత్రం రిజిస్టరు దాచింది.

మగ్గం నుండి పట్టికకు

ఇక రెండవ పాయ. ఇది మన కులవృత్తి వైపు నుండి వస్తుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జకార్డు అనే నేతగాడు అట్ట ముక్కలకు రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాల ప్రకారం పడుగు పోగులు లేచేటట్లు మగ్గాన్ని కట్టినాడు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. జరీ అంచులూ పువ్వుల చీరెలూ నేసే మనవారికి ఈ జకార్డు బాగా తెలుసు.

అమెరికాలో 1880 జనాభా లెక్కలు తేలడానికి ఏడేళ్లు దాటింది. 1890 లెక్కలకు హోలరిత్ అనే ఇంజనీరు రంధ్రాల కార్డులను వాడినాడు. ఆ ఆలోచన తనకు రైలులో తట్టిందని ఆయనే చెప్పినాడు. ఆ రోజులలో అక్కడి కండక్టరు టికెట్టు అంచున రంధ్రాలు కొట్టి ప్రయాణికుని జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు గుర్తు పెట్టేవాడట. ఒకరి టికెట్టు మీద మరొకరు పోకుండా అన్నమాట. మగ్గం మీది అట్టకు రైలు టికెట్టు తోడయింది. హోలరిత్ 1896లో పెట్టిన కంపెనీ 1911లో ఇతర కంపెనీలతో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అని పేరు మార్చుకున్నది.

ఆ ఐ.బి.ఎం.లోనే పని చేస్తున్న కాడ్ అనే గణితజ్ఞుడు 1970లో ఒక వ్యాసం ప్రచురించినాడు. సమాచారాన్నంతా అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలుగా ఉంచవచ్చుననీ, అది యంత్రంలో ఏ మూల ఉన్నదో అడిగేవానికి తెలియనక్కర లేదనీ ఆయన చెప్పినాడు. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు అట్లా అడగడానికి ఒక భాషను కల్పించినారు. అదే నేటి ఎస్.క్యు.ఎల్. ఏమి కావాలో చెబితే చాలు, ఎట్లా వెతకాలో యంత్రమే చూసుకుంటుంది. అర్ధ శతాబ్దం గడిచినా బ్యాంకు నుండి రేషను దుకాణం దాకా చెలామణిలో ఉన్న భాష అదే.

మన రైల్వేలో ఈ పట్టికల యుగం రిజర్వేషనుతో వచ్చింది. అంతకు ముందు ఒక్కొక్క బండికి ఒక్కొక్క రిజిస్టరు, దానికి ఒక్కొక్క కిటికీ. 1985లో న్యూఢిల్లీలో సి.ఎం.సి. వారు తయారు చేసిన ఇంప్రెస్ అనే పద్ధతితో కంప్యూటరు టికెట్టు మొదలయింది. 1986లో రైల్వేల సొంత సంస్థ క్రిస్ ఏర్పడింది. తరువాత ఆ సంస్థ తయారు చేసిన కాన్సర్ట్ అనే పద్ధతి 1994లో మొట్టమొదట నడిచింది మన సికింద్రాబాదులో. 1999కి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి కలిసినవి. కల్యాణ్ కిటికీ దగ్గర నిలబడి నిజామాబాదు నుండి తిరుగు టికెట్టు తీసుకొనే వీలు దానివల్లనే కలిగింది.

కాని ఇది అడిగితే చెప్పే యంత్రం. బెర్తు ఉన్నదా అంటే ఉన్నదంటుంది. అడగకపోతే ఊరకుంటుంది. కంట్రోలరు బల్ల మీది ప్రశ్న వంటిది దీనిలో లేదు.

నిలిచే ప్రశ్న

మన సాంచాలో ఒక చిన్న ఇనుప ఫోర్కు ఉంటుంది. నాడె పరుగెత్తినప్పుడల్లా పేక పోగు దానికి తగులుతుంది. కండె అయిపోయినా, పేక తెగినా పోగు తగలదు. అప్పుడు సాంచా దానంతట అదే ఆగుతుంది. "పోగు తెగిందా?" అని ఎవరూ అడగలేదు. ప్రశ్న ఇనుములో నిలిచి ఉన్నది. తాను మడత పెట్టేటప్పుడు చూసుకొంటే తప్పు కనబడుతుంది నిజమే, కాని అప్పటికి గజాల కొద్దీ గుడ్డ పాడయి ఉంటుంది. తాను మడత దగ్గర చూడడం పాత డేటాబేసు పద్ధతి. ఫోర్కు కొత్త పద్ధతి.

డేటాబేసులో ఇట్టి ఫోర్కు పెట్టవచ్చునని 1992లో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో నలుగురు వ్రాసినారు. వచ్చి పడుతున్న ఉత్తరాలలోనుండి, వార్తలలోనుండి తనకు కావలసినవి ఎప్పటికప్పుడు ఏరిపెట్టే "నిరంతర ప్రశ్న" వారి ఊహ. 2002-03 నాటికి స్టాన్‌ఫర్డులో స్ట్రీమ్, బర్కిలీలో టెలిగ్రాఫ్ సి.క్యు., బ్రాండైస్, బ్రౌన్, ఎం.ఐ.టి. విద్యాలయాలలో అరోరా అనే యంత్రాలు తయారయినవి. 2011లో లింక్డిన్ కంపెనీ కాఫ్కా అనే సాధనాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. ఇది వార్తలను వచ్చిన వరుసలో చెరపకుండా వ్రాసిపెట్టే మహా రిజిస్టరు. బెర్లినులో పుట్టిన ఫ్లింకు 2014లో అపాచీ సంస్థ గొడుగు క్రిందికి వచ్చింది. 2017లో కాఫ్కా మీద ఎస్.క్యు.ఎల్. మాటలతో ప్రశ్నించే కె.ఎస్.క్యు.ఎల్. వచ్చింది. 2019లో మెటీరియలైజ్ అనే కంపెనీ ఏర్పడింది. 2022లో రైజింగ్‌వేవ్ అనే డేటాబేసు అందరికీ తెరవబడింది. ఈ చివరి రెండూ పోస్ట్‌గ్రెస్ అనే పాత డేటాబేసు మాట్లాడే తీరులోనే మాట్లాడతాయి. కనుక పాత పనివాడు కొత్త యంత్రం ముందు బెదరనక్కర లేదు.

వీటన్నిటి పని ఒక్కటే. ప్రశ్నను ఒకసారి వ్రాసి నిలిపితే, కొత్త వార్త రాగానే జవాబు పట్టికలో మారవలసిన గడిని మాత్రమే మారుస్తాయి. మొత్తం మళ్లీ లెక్క కట్టవు. కంట్రోలరు ప్రతి చుక్కకూ కొత్త కాగితం తీసి మొదటినుండి గీయడు గదా.

ఇటు రైల్వేలో కూడా కాగితపు చార్టు పోయి కంప్యూటరు చార్టు వచ్చింది. ఇస్రో సహకారంతో ఇంజన్లకు ఉపగ్రహ పరికరాలు అమర్చినారు. 2022లో రైల్వే మంత్రిత్వశాఖ ప్రకటించిన దాని ప్రకారం 21 విద్యుత్ లోకో షెడ్లకు చెందిన 2,700 ఇంజన్లకు మొదటి విడతలో ఇవి అమరినవి. 30 సెకన్లకు ఒకసారి ఇంజను తానున్న చోటు చెబుతుంది. స్టేషనుకు రాక, పోక వేళలు మనిషి చేయి తగలకుండా చార్టు మీద పడతాయి. నేను ఆ రాత్రి చదివిన కాగితానికీ దీనికీ ఉన్న దూరం పాఠకులే ఊహించుకోవచ్చు.

పరీక్ష ఎట్లా చేయాలి?

మన వాడలో సాంచాలు నడిపే ఒక పెద్దమనిషి కొడుకు కంప్యూటరు చదువు చదివి ఉద్యోగంలో ఉన్నాడు. భివండీ చుట్టూ గోదాములు ఎన్ని లేచినవో మనకు తెలుసు. అట్టి గోదాముల లెక్కలు చూసే పని అతనిది. నిరుడు అతనికి ఒక పని అప్పగించినారు. బజారులో ఉన్న స్ట్రీమింగ్ డేటాబేసులలో ఏది తీసుకోవాలో, అసలు తీసుకోవాలో లేదో పరీక్షించి చెప్పమన్నారు. పండుగకు వచ్చి నా దగ్గర కూర్చొని, "అన్నా, ప్రతి కంపెనీ మాదే వేగమంటుంది. సెకనుకు ఇన్ని లక్షల వార్తలంటుంది. ఎట్లా తేల్చాలె?" అన్నాడు. నేను నా తప్పు కథ చెప్పినాను. అతడు తన లెక్కలు చెప్పినాడు. రెండు మూడు సాయంత్రాలు మాట్లాడుకొన్నాక మాకు తేలినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇట్టి పరీక్షకు పెద్దలు వేసిన బాట ఉన్నది. 2004లో అమెరికా పండితులు లీనియర్ రోడ్ అనే పరీక్షను కల్పించినారు. ఊహానగరంలో సుంకం వసూలు చేసే పెద్ద రోడ్లు. ప్రతి కారూ 30 సెకన్లకు ఒకసారి తానున్న చోటు చెబుతుంది. రద్దీని బట్టి సుంకం మారాలి. ఒక కారు వరుసగా నాలుగుసార్లు అదే చోటు చెబితే అది నిలిచిపోయినట్లు. అట్లా రెండు కార్లు ఒకేచోట నిలిస్తే ప్రమాదం జరిగినట్లు. కారుకు సుంకం సంగతి ఐదు సెకన్లలో చేరాలి. ఎన్ని రోడ్లను ఈ గడువు తప్పకుండా మోయగలదో అదే యంత్రం సత్తా. అందులో అరోరా మామూలు డేటాబేసుకంటె ఐదు రెట్లు మోసింది. 2005లో స్టోన్‌బ్రేకర్, మరి ఇద్దరు కలిసి ఇట్టి యంత్రానికి ఉండవలసిన ఎనిమిది లక్షణాలు వ్రాసినారు. వాటిలో వేగం ఒకటి మాత్రమే. ఆలస్యంగా, తారుమారుగా వచ్చే వార్తలను తట్టుకోవడం, ఎన్నిసార్లు నడిపినా ఒకే జవాబు రావడం, పడిపోయినా సమాచారం పోకపోవడం కూడా ఉన్నవి.

మొదటి ప్రశ్న: ఈ యంత్రం మనకు కావలెనా? కూలివారి నెల జీతాల లెక్కకు సెకనుకొక జవాబు ఎందుకు? అక్కడ తాను మడత చూపు చాలు. "ఏ పార్సెలు లోపలికి వచ్చి నాలుగు గంటలయినా బయటికి పోలేదు?" అనే ప్రశ్నకు మాత్రం సాయంత్రం వచ్చే జవాబు పనికిరాదు. లారీ పోయాక తెలిసి ఏమి లాభం? మన కుర్రవాడు తన దగ్గరున్న ప్రశ్నలన్నీ వ్రాసి చూస్తే, నిజంగా ఫోర్కు కావలసినవి నాలుగే తేలినవి.

రెండవది, జరిగిన వేళ, అందిన వేళ. వార్త మీద ఈ రెండూ వేరువేరుగా ఉండాలి. గోదాములో చేతి యంత్రానికి సిగ్నలు పోయి, గంట తరువాత ఒక్కసారిగా నూరు వార్తలు వచ్చి పడవచ్చు. వాటిని వచ్చిన వేళకు లెక్కిస్తే పదింటి పని పదకొండింటి ఖాతాలో పడుతుంది. జరిగిన వేళకు లెక్కించాలంటే, పదింటి ఖాతాను ఎంతసేపు తెరిచి ఉంచాలి? ఇందుకు ఈ శాస్త్రంలో వాటర్‌మార్కు అనే గుర్తు ఉన్నది. "ఇంత వేళ దాకా జరిగినవన్నీ అందినవని నమ్ముతున్నాం" అని దాని అర్థం. 2015లో గూగుల్ ఇంజనీర్లు వ్రాసిన వ్యాసం ఈ చిక్కును బాగా విప్పింది. ఎక్కువసేపు ఆగితే జవాబు ఆలస్యం, తక్కువసేపు ఆగితే జవాబు తప్పు. రెండింటి నుండి ఒకేసారి తప్పించుకొనే ఉపాయం లేదు. గుర్తు దాటి వచ్చిన వార్తను యంత్రం పారవేస్తుందా, పక్కన పెడుతుందా, పాత జవాబును దిద్దుతుందా అనేదే అడగవలసిన మాట. పరీక్షలో కావాలనే కొన్ని వార్తలను ఆలస్యం చేసి, వరుస మార్చి పంపి చూడాలి.

మూడవది, లేని వార్తను పట్టడం. బయటికి పోయిన పార్సెలుకు వార్త ఉంటుంది. పోని పార్సెలు నోరెత్తదు. నాలుగు గంటలు గడిచినవని చెప్పడానికి కొత్త వార్త ఏదీ రాదు. కనుక యంత్రం గడియారం చూసుకొని తానే పలకాలి. వార్త వస్తేనే కదిలే యంత్రం ఇక్కడ మూగదవుతుంది. చిక్కుకొన్న పార్సెళ్లను పట్టడమే పని అయినప్పుడు ఈ పరీక్షలో తప్పిన యంత్రం వేగంలో గెలిచినా వృథా.

నాలుగవది, ఒకటి రెండు కాకూడదు. తీగ తెగి కలిసినప్పుడు అదే వార్త రెండుసార్లు రావడం సహజం. ప్రతి వార్తకూ మా ప్రైవేటు నెంబరు వంటి అంకె ఉంటే, చూసిన అంకెను యంత్రం మళ్లీ లెక్కించకుండా ఉండగలదు. "సరిగ్గా ఒక్కసారి" అని కంపెనీలు చెప్పే మాట తమ యంత్రం లోపలి వరకే వర్తిస్తుందా, జవాబు అందుకొనే అవతలి యంత్రం దాకా వర్తిస్తుందా అని గట్టిగా అడగాలి.

ఐదవది, జవాబు ఏ క్షణాన చూసినా పొసగాలి. మన కుర్రవాడు చేసిన పరీక్ష నాకు ముచ్చటయింది. ఒక అర నుండి మరొక అరకు సరుకు మార్చే వార్తలు వేలకొద్దీ పంపినాడు. ఒకచోట తగ్గినంత మరొకచోట పెరగాలి. కనుక గోదాము మొత్తం ఎప్పుడూ మారకూడదు. జవాబును క్షణక్షణం చూస్తూ పోయినాడు. ఏ క్షణానైనా మొత్తం మారితే, యంత్రం సగం లెక్కను బయటికి చూపుతున్నదన్నమాట. చివరికి సరిపోతుందనే మాట చాలదు. ఆ నడుమ చూసినవాడు నష్టపోతాడు. నేను చూసిన కాగితం వంటిదే అది.

ఆరవది, దీపం ఆర్పి చూడడం. జోరుగా నడుస్తుండగా యంత్రాన్ని పటుక్కున ఆపి మళ్లీ వెలిగించాలి. ఎన్ని నిమిషాలకు లేచింది? మరచిపోయినదేమైనా ఉన్నదా? పేరుకున్న వార్తల గుట్టను ఎంతసేపటికి అరిగించుకొన్నది? సాంచాలన్నీ నడుస్తుండగానే సరుకు లెక్క తీసినట్లు, పని ఆపకుండా యంత్రం తన స్థితిని అప్పుడప్పుడు పదిలపరచుకొంటుంది. ఈ ఉపాయానికి మూలం 1985లో చాండీ, లాంపోర్టు అనే ఇద్దరు వ్రాసిన వ్యాసం.

ఏడవది, కడుపు ఎంత పెరుగుతుంది? రెండు వార్తల జంట కుదర్చాలంటే రెండవది వచ్చేదాకా మొదటిదాన్ని గుర్తుంచుకోవాలి. రాక, పోకల జంటలో ఎన్నటికీ పోని సరుకు ఉంటే ఆ జ్ఞాపకం పెరిగిపోతూనే ఉంటుంది. ఒక గంట పరీక్షలో ఇది కనబడదు. వారాల పాటు నడిపి, ఖర్చు ఎట్లా పెరుగుతున్నదో చూడాలి. అర్ధరాత్రి ఆగిపోతే బాగుచేయగలవారు మనలో ఎవరని కూడా అప్పుడే అడగాలి. పొరుగూరి మెకానిక్కు వచ్చేదాకా సాంచా ఆగిపోయిన నష్టం మనకు తెలియనిది కాదు.

ఇన్ని అయిన తరువాతనే వేగం.

కుర్రవాడు చివరికి తన పైవారికి ఇట్లా వ్రాసి ఇచ్చినాడు. జీతాలు, నెల లెక్కలు పాత డేటాబేసులోనే ఉండనీయండి. నాలుగు ప్రశ్నలకు మాత్రం కొత్త యంత్రం తీసుకొందాం. ఒక్క షరతు: తెర మీద ప్రతి జవాబు పక్కనా "ఈ వేళ వరకు అందిన వార్తల ప్రకారం" అని ఆ వేళ కనబడాలి. ఆ చివరి షరతు మీ కథలోనుండి తీసుకొన్నానన్నా అని అతడు చెప్పినప్పుడు నాకు కొంచెం బరువు దిగినట్లయింది.

వందేళ్ల పైబడి రైల్వేలు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చినదానిని కంప్యూటరు శాస్త్రజ్ఞులు ముప్ఫై ఏళ్లలో తమ భాషలో మళ్లీ నేర్చుకొన్నారు. వార్త తొందరగా రావడం మేలే. కాని ఆలస్యమయితే ఆలస్యమని, తెలియకపోతే తెలియదని, తప్పయితే దిద్దుకొంటానని చెప్పగల వార్తను మాత్రమే నమ్మి ఇల్లు కదలవచ్చు. మన పిల్లలు ఎందరో ఇప్పుడు ఇట్టి యంత్రాల దగ్గర కూర్చుంటున్నారు. తెరకు అవతల చంకలో పిల్లతో ఒక ఇల్లాలు నిలబడి ఉన్నదని వారు ఎరిగి ఉంటే చాలు.

ఈ వేసవిలో కల్యాణ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మన్మాడ్, నాందేడ్ మీదుగా ఊళ్లకు పోయే కుటుంబాలకు నా మనవి ఒక్కటే. ఫోనులో బండి ఎక్కడున్నదని చూసినప్పుడు, ఆ సంగతి ఎన్ని నిమిషాల క్రిందటిదో కూడా చూడండి. ప్లాట్‌ఫారం మాత్రం విడవకండి. కొత్త సంవత్సరం అందరినీ వేళకు గమ్యం చేర్చుగాక!